ఆగస్టు, సెప్టెంబరు ఎక్కడికి పోయాయి?

"ఇందులో ఏముంది, స్ట్రింగుని ఇంటిజరు చెయ్యడమేగా" అనుకునే చోటే మనవాళ్ళు బొక్కబోర్లా పడుతుంటారు. "మనవాళ్ళు" అని మర్యాదకి అన్నాను గానీ, పడింది నేనే. 2006లో. ముందు ఆ కథ చెప్పి, తర్వాత దాని వెనకున్న యాభై అరవై ఏళ్ళ చరిత్రలోకి తీసుకెళ్తాను. కొంచెం పెద్ద టపా, కాఫీ తెచ్చుకుని కూర్చోండి.

అప్పట్లో హైదరాబాదులో ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) ఉద్యోగుల సెలవుల దరఖాస్తు పేజీ ఒకటి జావాస్క్రిప్టులో రాశాను. 2005 అక్టోబరులో వాడుకలోకి వచ్చింది. నెలల జాబితాలో 01, 02 అంటూ 12 దాకా రెండంకెల్లో ఉండేవి. తారీఖుల జాబితా ఇంకొకతను రాశాడు, అందులో ముందు సున్నాలు లేవు. ఈ తేడాని ఎవరం పట్టించుకోలేదు. దీపావళి, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు అన్నీ సాఫీగా సాగిపోయాయి. పది నెలలపాటు ఒక్క ఫిర్యాదు లేదు. నేను కూడా కాలర్ ఎగరేసుకు తిరిగాను.

2006లో వినాయక చవితి ఆగస్టు 27, ఆదివారం వచ్చింది. మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు పండక్కి ఒంగోలు వెళ్తూ సోమవారానికి సెలవు పెట్టాడు. జీతం చీటీ వచ్చాక నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, ఒకరోజు జీతం కట్ అయింది. నేను సెలవు పెట్టాను కదన్నా."

తీసి చూశాను. అతని పేరు మీద 2005 డిసెంబరు 28న సెలవు నమోదై ఉంది. నేనేమన్నానో తెలుసా? "నెల తప్పు నొక్కుంటావ్ తమ్ముడూ, చూసుకోవద్దూ?" పాపం, "అంతేనేమో అన్నా" అని వెళ్ళిపోయాడు. 2005 డిసెంబరుకి అతను అసలు మా కంపెనీలో చేరనే లేదు. నెలతో పాటు సంవత్సరం కూడా ఎలా తప్పు నొక్కుతాడు అని నేనొక్క క్షణం ఆలోచించలేదు.

సెప్టెంబరులో ఇంకో ముగ్గురు ఇదే మాట అన్నారు. అప్పుడు కూర్చుని నెలలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాను. 1 నుంచి 7 దాకా బానే ఉన్నాయి. 8 పెడితే పోయిన డిసెంబరు. 9 పెట్టినా అంతే. 10 మళ్ళీ నిక్షేపంగా ఉంది! పన్నెండు నెలల్లో సరిగ్గా రెండే నెలలు మాయం.

ఇప్పుడు చదువుతున్నవాళ్ళలో కొందరికి ఈపాటికి వెలిగే ఉంటుంది. జావాస్క్రిప్టులో స్ట్రింగుని అంకె చేసే పార్స్‌ఇంట్ అనే ఫంక్షను, ఆ రోజుల బ్రౌజర్లలో, ముందు సున్నా కనిపిస్తే "ఓహో, ఇది ఆక్టల్ సంఖ్య" అనుకునేది. అంటే ఎనిమిది మూలంగా లెక్క. ఆక్టల్‌లో 0 నుంచి 7 దాకానే అంకెలు. "07" ఎలా చదివినా ఏడే కాబట్టి ఎవరికీ తెలియదు. "08" దగ్గర సున్నా చదివి, తర్వాత వచ్చిన 8 తనకి తెలియని అక్షరం కాబట్టి అక్కడే ఆగి, అప్పటికి చేతిలో ఉన్న సున్నాని ఇచ్చేసేది. జావాస్క్రిప్టులో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి కనక నేను అందులోంచి ఒకటి తీసేసేవాణ్ణి. వచ్చింది మైనస్ ఒకటి. 2006లో మైనస్ ఒకటో నెల అంటే ఏంటి? 2005 డిసెంబరు. ఎక్కడా ఎర్రరు లేదు, హెచ్చరిక లేదు. అందరూ ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేశారు, కుర్రాడి జీతం మాత్రం కోసేశారు :)

సరదాకి మన ఊళ్ళ ఎస్టీడీ కోడులతో కూడా ప్రయత్నించాను. హైదరాబాదు 040 పెడితే 32 వచ్చింది. విజయవాడ 0866, విశాఖపట్నం 0891, వరంగల్లు 0870, తిరుపతి 0877 అన్నీ సున్నా. మా తమ్ముడి ఒంగోలు 08592 కూడా సున్నానే. అమెరికా పిన్ కోడుల్లోనూ ఇదే గొడవ. మనవాళ్ళు బోలెడంతమంది ఉండే న్యూజెర్సీ ఎడిసన్ 08820 అయితే సున్నా, జెర్సీ సిటీ 07302 అయితే 3778.

మరి ఈ ముందు సున్నా గోల ఎక్కణ్ణుంచి వచ్చింది? దానికి వెనక్కి వెళ్ళాలి.

కార్డు మీద ఖాళీ అంటే ఎంత?

మనం కీబోర్డులో 123 అని కొడితే కంప్యూటరుకి చేరేది నూట ఇరవైమూడు కాదు, మూడు అక్షరాలు. 1963లో మొదటిసారి వచ్చిన ఆస్కీ పట్టికలో '0' అనే అక్షరం కోడు 48, '9' కోడు 57. అక్షరం కోడు లోంచి 48 తీసేస్తే అంకె వస్తుంది. మొదటి అంకె తీసుకో, పదితో గుణించు, తర్వాతది కలుపు, మళ్ళీ పదితో గుణించు. ఇంతే సూత్రం. మనం రెండో తరగతిలో ఒకట్లు, పదులు, వందలు అని నేర్చుకున్నదే. సూత్రంలో ఏ లోపమూ లేదు. అంకె కానిది వస్తే ఏం చెయ్యాలి అన్నదే అసలు తగువు. చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్నకి ఎవరెవరు ఏం జవాబు చెప్పారన్నదే.

1957లో ఐబీఎం 704 మీద ఫోర్‌ట్రాన్ వచ్చింది. డేటా అంతా 80 గడుల పంచ్ కార్డుల మీద ఉండేది. ఒక సంఖ్యకి ఐదు గడులు కేటాయిస్తే, ఆ ఐదు గడుల్లో ఉన్నదే సంఖ్య. మరి గడి ఖాళీగా ఉంటే? పాత ఫోర్‌ట్రాన్ జవాబు: ఖాళీ అంటే సున్నా. ముందు ఖాళీలుంటే ఇబ్బంది లేదు, 00012 అయినా పన్నెండే. కానీ ఆపరేటరు పన్నెండుని కుడివైపుకి జరపకుండా ఎడమవైపు కొట్టేస్తే, తర్వాతి మూడు ఖాళీలూ సున్నాలై అది 12000 అయిపోయేది! ఫోర్‌ట్రాన్ 77 వచ్చాక గానీ ఖాళీని వదిలెయ్యాలా, సున్నా అనుకోవాలా అని ప్రోగ్రామరు చెప్పే వీలు ప్రమాణంలోకి రాలేదు.

తప్పు అని చెప్పకుండా ఏదో ఒక సంఖ్య ఇచ్చి సరిపెట్టడం అనే సంప్రదాయం చాలా పాతదన్నమాట. నా ఆగస్టు అందులో కొత్త వారసుడు మాత్రమే.

సాక్ సెవెన్ పుణ్యం

దీనికి ఎదురు సంప్రదాయం కూడా అంతే పాతది. 1964 ఏప్రిల్లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360లో స్ట్రింగుని ఇంటిజరుగా మార్చడానికి ఏకంగా హార్డ్‌వేరులోనే రెండు ఇన్‌స్ట్రక్షన్లున్నాయి. మొదటిది ప్యాక్. ఎబ్సిడిక్ పద్ధతిలో ప్రతి అంకె అక్షరంలోనూ పై సగం జోను, కింది సగం అంకె. ప్యాక్ జోనులు తీసేసి అంకెల్ని దగ్గరికి తోస్తుంది, చివరి అక్షరం జోనుని మాత్రం ప్లస్సా మైనస్సా అనే గుర్తుగా ఉంచుతుంది. రెండోది దాన్ని బైనరీ చేస్తుంది.

ఇందులో చిత్రమేమంటే, ప్యాక్ ఏమీ తనిఖీ చెయ్యదు. ఏ చెత్త ఇచ్చినా ప్యాక్ చేసి పెడుతుంది. సంఖ్య ఉండాల్సిన చోట ఖాళీ అక్షరాలుంటే, వాటి కింది సగాలు సున్నాలే కాబట్టి అంకెలన్నీ సున్నాలుగా, అమాయకంగా కనిపిస్తాయి. కానీ ఎబ్సిడిక్ ఖాళీ అక్షరం పై సగంలో 4 ఉంటుంది. అది వచ్చి గుర్తు స్థానంలో కూర్చుంటుంది. గుర్తు స్థానంలో 10 నుంచి 15 లోపు విలువే ఉండాలి. కాబట్టి తర్వాతి ఇన్‌స్ట్రక్షను దాన్ని లెక్కలోకి తీసుకోగానే యంత్రం ఆగిపోతుంది: డేటా ఎక్సెప్షన్. మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసిన ఎవర్నైనా అడగండి, "సాక్ సెవెన్" అనగానే ఒక నిట్టూర్పు వినిపిస్తుంది.

మన తెలుగువాళ్ళకి ఈ సాక్ సెవెన్‌తో చుట్టరికం ఉంది. 1990ల చివర్లో వైటూకే పనుల కోసం అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానాలెక్కిన తరానికి ఇది పరిచయమే. రాత్రి బ్యాచ్ జాబు మధ్యలో పడిపోతుంది, ఫోను మోగుతుంది, డంపు తీసి ఏ రికార్డులో ఏ ఫీల్డులో ఖాళీలున్నాయో వెతకాలి. ఎంత తిట్టుకునేవాళ్ళో! కానీ ఆలోచించండి. ఆ యంత్రం "ఇది అంకె కాదు, నేను ముందుకి వెళ్ళను" అని మొండికేసింది. ప్రోగ్రామరు నిద్ర పోయింది గానీ, ఖాతాదారుడి డబ్బు పోలేదు. నా జావాస్క్రిప్టు నన్ను హాయిగా నిద్రపోనిచ్చి కుర్రాడి జీతం కోసింది. రెండిట్లో ఏది మేలో మీరే చెప్పండి.

ఎనిమిదిని మింగిన భాషలు

ఇప్పుడు ఆ ముందు సున్నా దగ్గరికి వద్దాం. 1969 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే యంత్రం మీద యూనిక్స్ మొదలుపెట్టాడు. దాని వర్డు 18 బిట్లు. మూడేసి బిట్లకి ఒక ఆక్టల్ అంకె, సరిగ్గా ఆరంకెల్లో వర్డంతా పట్టేస్తుంది. తర్వాత వచ్చిన పీడీపీ-11 పదహారు బిట్లదే అయినా, అందులో రిజిస్టర్లు ఎనిమిది, అడ్రసింగ్ పద్ధతులు ఎనిమిది. అన్నీ మూడు బిట్ల ముక్కలే కనక దాని మాన్యువళ్ళు కూడా ఆక్టల్‌లోనే ఉండేవి. ఆ మనుషులకి ఆక్టల్ రోజువారీ భాష. మనం ఇప్పటికీ ఫైలు అనుమతులకి 755 అని కొడతాం చూడండి, అది ఆ కాలపు అవశేషమే.

థాంప్సన్ రాసిన బీ భాషలో ముందు సున్నా పెడితే ఆక్టల్ అని నియమం పెట్టాడు. డెనిస్ రిచీ సీ భాష చేసినప్పుడు అదే తీసుకున్నాడు. తమాషా ఏంటంటే, అప్పుడు 08 తప్పు కాదు! కెర్నిగన్, రిచీల పుస్తకం 1978 నాటి మొదటి కూర్పులో, ఆక్టల్ సంఖ్యల్లో 8, 9 అంకెలు వాడొచ్చనీ వాటి విలువ ఆక్టల్ 10, 11 అనీ ఉంది. అంటే 08 అంటే ఎనిమిదే. 1989లో ఆన్సీ ప్రమాణం వచ్చినప్పుడు ఆ వెసులుబాటు తీసేశారు. అదే ఉండుంటే నా కథ వేరేగా ఉండేదేమో.

ఇక సీ లో స్ట్రింగుని ఇంటిజరు చేసే ఏటూఐ సంగతి. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్ మాన్యువల్‌లో అది ఉంది. సంఖ్య పట్టనంత పెద్దదైతే దానికి ఏర్పాట్లేమీ లేవని అక్కడే "బగ్స్" అనే శీర్షిక కింద నిజాయితీగా ఒప్పుకున్నారు కూడా. ఏటూఐ ఎప్పుడూ పదుల లెక్కే వాడుతుంది, ఆక్టల్ గొడవ లేదు. దాని జబ్బు వేరు. "0" ఇచ్చినా సున్నా, "అబ్బాయి" అని ఇచ్చినా సున్నా, ఖాళీ స్ట్రింగు ఇచ్చినా సున్నా. "12కోతులు" ఇస్తే 12. సంఖ్య పట్టకపోతే ఏం జరగాలో ప్రమాణంలో నిర్వచించనే లేదు.

దీనికి మందుగా ప్రమాణంలో స్ట్ర్‌టోల్ ఇచ్చారు. ఎక్కడ చదవడం ఆపిందో చెబుతుంది, పట్టకపోతే ఎర్‌నో అనే గ్లోబలు ద్వారా చెబుతుంది. చెబుతుంది గానీ, మనం అడగాలి. ముందు ఎర్‌నో సున్నా చెయ్యాలి, పిలవాలి, ఒక్క అక్షరమైనా చదివిందా చూడాలి, చివరిదాకా వెళ్ళిందా చూడాలి, ఎర్‌నో మారిందా చూడాలి. ఒక అంకె కోసం ఐదు పనులు. చాలామంది "ఏటూఐ ఒక్క లైను కదా" అని దానికే పోతారు, నేనూ పోయాను. పైగా స్ట్ర్‌టోల్‌కి మూలం సున్నా అని ఇస్తే, అది స్ట్రింగుని చూసి ఊహిస్తుంది. ముందు సున్నా ఉంటే ఆక్టల్! దాని తమ్ముడు, మైనస్ లేని సంఖ్యల కోసం ఉన్న స్ట్ర్‌టౌల్, "-1" ఇస్తే వద్దనకుండా తీసుకుని అన్నిటికంటే పెద్ద సంఖ్య చేతిలో పెడుతుంది.

1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్టు చేసినప్పుడు సీ, జావాల వాసన చాలానే తగిలింది. 1999 నాటి మూడో ప్రమాణంలో, మూలం చెప్పకపోతే ముందు సున్నా ఉన్న స్ట్రింగుని ఆక్టల్‌గా చదవాలో పదులుగా చదవాలో మీ ఇష్టం, పదులుగా చదివితే మంచిది అని రాశారు. "మంచిది" అంటే ఎవరు వింటారు? పాత పేజీలు చెడిపోతాయని బ్రౌజర్లవాళ్ళు ఆక్టల్‌నే పట్టుకున్నారు. 2009 డిసెంబరులో ఐదో ప్రమాణం వచ్చి, ఇక పదులే అని తేల్చేసింది. అది అన్ని బ్రౌజర్లకీ చేరడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 ఇంకా శుభ్రంగా చేసింది. కోడులో 017 అని రాస్తే తప్పు అంటుంది, ఆక్టల్ కావాలంటే సున్నా పక్కన ఓ అక్షరం పెట్టాలి. యాభై ఏళ్ళ క్రితం ఒక ల్యాబులో కొద్దిమంది సౌకర్యం కోసం పెట్టుకున్న గుర్తుని వదిలించుకోవడానికి ఇంత కాలం పట్టింది. వదిలిందని కూడా పూర్తిగా అనలేం. బాష్ స్క్రిప్టులో నెల తీసుకుని దాంతో లెక్కలు చేసి చూడండి, ఆగస్టులో ఇప్పటికీ ఎర్రరే. కాకపోతే బాష్ అరుస్తుంది, సున్నా అని అబద్ధం ఆడదు. యామల్ పాత ప్రమాణంలో ఇంకో తమాషా: 22:22 అని రాస్తే గంటలు నిమిషాల్లాగా అరవై మూలంగా లెక్కేసి 1342 చేసేది. అందుకే డాకర్ వాడేవాళ్ళని పోర్టుల చుట్టూ కొటేషన్లు పెట్టమంటారు.

పీహెచ్‌పీ గురించి చెప్పకపోతే ఈ పురాణం పూర్తి కాదు. అందులో అక్షరాల స్ట్రింగుని సున్నాతో పోలిస్తే చాలా ఏళ్ళు "రెండూ సమానమే" అనేది. ఎందుకంటే స్ట్రింగుని అంకె చేస్తే సున్నా వచ్చేది కదా! 2020 నవంబరులో వచ్చిన 8.0 దాకా అలాగే ఉంది.

పట్టని అంకెలు

ఆక్టల్ పోయినా పరిమాణం పోదు. 32 బిట్ల ఇంటిజరులో పట్టే పెద్ద సంఖ్య 2147483647. మన మొబైలు నంబర్లు పదంకెలు, 6కి తగ్గకుండా మొదలవుతాయి. అంటే ఒక్కటంటే ఒక్కటి కూడా అందులో పట్టదు. తొమ్మిది పక్కన తొమ్మిది సున్నాలు పెట్టి ఏటూఐకి ఇస్తే, 64 బిట్ల లినక్సులో సాధారణంగా 410065408 వస్తుంది. లాంగ్ 32 బిట్లే ఉన్న చోట 2147483647 రావచ్చు. జావా అయితే ఎక్సెప్షన్ విసిరి చేతులు దులుపుకుంటుంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఫోను నంబరుకి ఇంట్ కాలమ్ పెడితే, కఠిన పద్ధతి ఆన్ చెయ్యని రోజుల్లో, పట్టని ప్రతి నంబరునీ 2147483647గా సర్దేసి పెట్టేది. చాలా టేబుళ్ళలో వందల మందికి ఒకే ఫోను నంబరు కనిపించేది ఇందుకే. ఇంకో తమాషా చూడండి: దాన్ని అమెరికా నంబరులా చదివితే మొదటి మూడంకెలు 214, అది డాలస్ ఏరియా కోడు! మనవాళ్ళు డాలస్‌లో ఎక్కువే గానీ మరీ అంతమందీ ఒకే ఇంట్లో ఉండరు కదా :) 2015లో వచ్చిన 5.7 నుంచి కఠిన పద్ధతే డిఫాల్టు అయింది.

జావా లోపల ఒక చక్కటి చిన్న జాగ్రత్త ఉంది. 32 బిట్లలో మైనస్ వైపు ఒక సంఖ్య ఎక్కువ పడుతుంది: -2147483648. ముందు ప్లస్‌గా కూడుకుంటూ వచ్చి చివర్లో మైనస్ పెడదామంటే ఈ సంఖ్య మధ్యలోనే పొంగిపోతుంది. అందుకని జావా పార్స్‌ఇంట్ లోపల మొత్తం మైనస్ వైపే కూడుతూ వస్తుంది, అవసరమైతే చివర్లో ప్లస్ చేస్తుంది. ఇంటర్వ్యూలో ఏటూఐ రాయమని అడిగేవాళ్ళు అసలు చూసేది ఇదే.

జావాస్క్రిప్టులో అయితే మామూలు సంఖ్యలన్నీ డబుల్ కాబట్టి 53 బిట్లు దాటితే చివరి అంకెలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి. 2010లో ట్విట్టరు ఐడీలు పెద్దవి కాబోతున్నప్పుడు, ఐడీని అంకెగానూ స్ట్రింగుగానూ రెండు సార్లు పంపడం మొదలుపెట్టింది ఇందుకే.

లక్ష ఒకటైతే, ౧ ఏమవుతుంది?

ఇది మరీ మన సొంత గొయ్యి. "1,00,000" అని మనం కామాలు పెట్టి రాస్తాం. జావా, పైథాన్ ఎర్రరిస్తాయి. సీ, పీహెచ్‌పీ, జావాస్క్రిప్టు పార్స్‌ఇంట్ మాత్రం మొదటి కామా దగ్గర ఆగి "1" అంటాయి. లక్ష రూపాయలు కాస్తా ఒక్క రూపాయి. ఇక్కడ ప్రోగ్రాము మొండికెయ్యడమే మనకి రక్ష.

తెలుగు అంకెల సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. యూనికోడులో ౦ కోడు 3174, ౯ కోడు 3183. "౧౨౩" అని ఇస్తే పైథాన్, జావా రెండూ బుద్ధిగా 123 అంటాయి! మొదటిసారి చూసినప్పుడు నాకు భలే సంతోషమేసింది. జావాస్క్రిప్టు మాత్రం ఇది అంకె కాదు పొమ్మంటుంది, సీ ఎప్పట్లాగే సున్నా. అసలు ప్రమాదం మధ్యలో ఉన్నవాళ్ళకి. "ఇది అంకేనా" అని యూనికోడు తెలిసిన ఫంక్షనుని అడిగి, అవునంటే 48 తీసేసేవాళ్ళు చాలామంది. ౧ కోడు 3175, అందులోంచి 48 పోతే 3127. ఒకటి కాస్తా మూడువేల నూట ఇరవైయేడు. తనిఖీ చేసేవాడి దగ్గర ఒక లెక్క, మార్చేవాడి దగ్గర ఇంకో లెక్క ఉంటే జరిగేది ఇదే.

చివరికి మార్చడానికి పట్టే సమయం కూడా ఒక గొయ్యే అని తేలింది. 2011 మొదట్లో 2.2250738585072011 తర్వాత పది ఘాతం మైనస్ 308 అనే దశాంశ స్ట్రింగు ఇస్తే కొన్ని యంత్రాల మీద పీహెచ్‌పీ అనంతంగా తిరుగుతూ ఉండిపోయేది. చివరంకె 2 చేస్తే జావాకి అదే గతి. ఒక చిన్న ఫారంలో ఈ ఒక్క సంఖ్య పెట్టి సర్వరుని పడుకోబెట్టొచ్చు. ఇంటిజర్లకీ ఇదే చుట్టుకుంది. పైథాన్‌లో ఇంటిజరుకి పరిమితి లేదు కదా, అంకెలు రెట్టింపైతే మార్చే సమయం అప్పట్లో దాదాపు నాలుగింతలయ్యేది. లక్షల అంకెల స్ట్రింగు పంపి సర్వరుని ఊపిరాడకుండా చెయ్యొచ్చని 2022 సెప్టెంబరులో డిఫాల్టుగా 4300 అంకెల హద్దు పెట్టారు. రెండో తరగతి లెక్కకి 2022లో కూడా దిద్దుబాట్లు జరిగాయంటే చూడండి.

చివరగా

ఇన్నేళ్ళలో నాకు వంటబట్టింది కొంచెమే. మొదటిది, అంకెల్లో రాసిందల్లా సంఖ్య కాదు. ఫోను నంబరు, పిన్ కోడు, ఖాతా నంబరు, వీటిని ఎవరూ కూడరు, తీసెయ్యరు. కూడనిదాన్ని ఇంటిజరు చెయ్యకండి, స్ట్రింగుగానే ఉండనివ్వండి. రెండోది, మార్చేటప్పుడు మూలం పది అని నోరు తెరిచి చెప్పండి. మూడోది, మొత్తం స్ట్రింగు చదివిందా, హద్దులో ఉందా అని అడగండి. నాలుగోది, పరీక్షించేటప్పుడు 5తో, 12తో చూసి వదిలెయ్యకండి. 08, 09, ఖాళీ, కామా, మైనస్, పన్నెండంకెల సంఖ్య, ఒక తెలుగు అంకె, అన్నీ పెట్టి చూడండి. గో, రస్ట్ లాంటి కొత్త భాషలు విలువతో పాటు ఎర్రరునీ చేతిలో పెడతాయి, అది మంచి మార్పు. కానీ ఆ ఎర్రరు పట్టుకుని "సరే, అయితే సున్నా పెట్టేద్దాం" అని రాసే మహానుభావుల్ని నేను చూశాను. అలాంటప్పుడు భాష మాత్రం ఏం చేస్తుంది?

తెలియనప్పుడు తెలియదు అనడం వేరు, సున్నా అనడం వేరు. సున్నా కూడా ఒక జవాబే. దాన్ని నమ్మి ఎవరో ఒకరు ముందుకి వెళ్ళిపోతారు.

నా కోడులో దిద్దుబాటు మూడే అక్షరాలు: ఒక కామా, ఒక 1, ఒక 0. సెప్టెంబరు జీతంతో పాటు ఆ నలుగురికీ కోసిన డబ్బులు వెనక్కొచ్చాయి. కుర్రాణ్ణి క్యాంటీనుకి తీసుకెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. "పర్లేదన్నా, దొరికింది కదా" అన్నాడు. కాసేపాగి, "నేనూ నిజంగా నెల తప్పు నొక్కాననే అనుకున్నానన్నా" అన్నాడు.

బగ్గు కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ మాటే. తెలియకపోయినా తెలిసినట్టు జవాబు చెప్పింది పార్స్‌ఇంట్ ఒక్కటే కాదు, నేను కూడా. అది సున్నా అంది, నేను "నువ్వే తప్పు నొక్కావ్" అన్నాను. అప్పట్నుంచి ఎవరైనా వచ్చి "నేను సరిగ్గానే కొట్టానండీ, ఇదే ఏదో చేస్తోంది" అంటే, ముందు వాళ్ళ మాట నమ్మి ఆ తర్వాతే కోడు తెరుస్తాను. ముఖ్యంగా ఆగస్టులో.